పాతదీ కొత్తదీ ఒకటే

లాండ్రీ వెనకగది నుంచి,
సోమవారం

వదినకి,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నానేమిటా అని ఆశ్చర్యపోకు. ఫోన్లో మనిద్దరం మొదలుపెడితే కుశలప్రశ్నలు దాటకముందే ఎవరో ఒకరం పెట్టేస్తాం. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డం రాలేవు.

సంగతేమిటంటే, మా యజమానికి మోకాళ్ళు పనిచేయడం లేదు. లాండ్రీ అమ్మేస్తానంటున్నాడు. పదకొండేళ్ళుగా ఇక్కడి ఇస్త్రీ బల్లలూ, ఆవిరి గొట్టాలూ, మరకల మందు సీసాలూ నా చేతిమీదుగానే నడుస్తున్నాయి కాబట్టి ముందు నన్నే అడిగాడు. వానలు మొదలయ్యేలోపు డబ్బు చూపిస్తే నాది. లేకపోతే పక్కవీధి జిమ్ వాడిది. వాడు గోడలు పగలగొట్టి అద్దాలు పెట్టిస్తాడట.

మడత నలగని బట్టలు వేసుకుని బ్యాంకుకి వెళ్ళాను. "మీ క్రెడిట్ రిపోర్టు బాగాలేదండీ" అని పంపేశారు. మనం ఎక్కడ ఏ లోన్ తీసుకున్నాం, వాయిదాలు వేళకి కట్టామా లేదా అని ఒక కంపెనీ కూర్చుని రాసే చిట్టా అట అది. కాదన్న ఉత్తరం వెనక చీమ తలకాయంత అక్షరాలు ఉంటే, మరకలు చూసే భూతద్దం పెట్టి చదివాను. ఏ కంపెనీ రిపోర్టు చూసి కాదన్నారో బ్యాంకు చెప్పి తీరాలట. ఆ కంపెనీ నాకు కాపీ ఊరికే ఇవ్వాలట. అందులో తప్పుంటే దిద్దమని అడిగే హక్కు నాకుందట. అడిగాను, నిన్న వచ్చింది.

కూర్చుని చదువు. నేను ఒకేసారి రెండు ఊళ్ళలో కాపురం ఉంటున్నాను. పగలంతా ఇక్కడ బట్టలు ఉతుకుతూ, అదే పగలు మీ ఊళ్ళో కారు డ్రైవింగ్ నేర్పుతున్నాను. పాత కుట్టుమిషను లోనులో నాకు హామీ సంతకం పెట్టిన అన్నయ్య మా అన్నయ్యే. ఫ్రిజ్ లోనులో నా భర్త కూడా మా అన్నయ్యే. అమ్మ ఒక పేజీలో నాకు తల్లి, తిప్పితే అత్తగారు.

నీకు అర్థమైపోయి ఉంటుంది. నీ పేరూ నా పేరూ ఒకటే కావడం, నువ్వు పెళ్ళి చేసుకుని మా ఇంటిపేరులోకి రావడం, నేను పెళ్ళే చేసుకోక ఆ ఇంటిపేరు వదలకపోవడం, ఇన్నాళ్ళూ మనకి నవ్వులాటగానే ఉంది. నన్ను పాతది, నిన్ను కొత్తది అని అమ్మ పిలిస్తే ఇంట్లో సరిపోయేది. కంపెనీవాడికి ఈ ఏర్పాటు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇంకొకటి. కారు లోనులో వరసగా నాలుగు వాయిదాలు తప్పాయని ఎర్రగళ్ళు ఉన్నాయి. నా కొంప ముంచింది అవే. నాకు కారు లేదు, సైకిల్ తొక్కడం కూడా రాదు. దాని గురించి నీకేమైనా తెలుసా?

ఇట్లు,
పాతది


వంటింటి బల్ల దగ్గర నుంచి,
శుక్రవారం

ఆడపడుచుగారికి,

సవతీ అని పిలుద్దామనుకున్నాను గాని, రిపోర్టు ప్రకారం మనం ఇద్దరం కూడా కాదాయె. నన్ను నేను ఏమని పిలుచుకోను?

నీ ఉత్తరం చదివి నవ్వలేక చచ్చాను. మీ అన్నయ్యకి చదివి వినిపిస్తే, "అయితే ఇంటి ఖర్చు ఒక్కరిదే కదా" అన్నాడు. అత్తయ్య మాత్రం నవ్వలేదు. "నా కూతురికి నేను అత్తగారినా? ఎవడే రాసింది?" అని కళ్ళజోడు కోసం వెతుకుతోంది. ఆవిడ సంగతి నీకు తెలుసు కదా. కరెంటు బిల్లు గడువుకి ముందే గోడ క్యాలెండర్లో తేదీ చుట్టూ పెన్సిలుతో గుండ్రం చుట్టి, ఆ గుండ్రం వచ్చేదాకా నిద్రపోని మనిషి. ఆ క్యాలెండర్లో ఇంకో గుండ్రం ఉండేది నీ పుట్టినరోజుకే.

కారు సంగతంటావా, అది కంపెనీవాడి పొరపాటే అయ్యుంటుంది. మనిషినే రెండుగా చూడలేనివాడు వాయిదాలేం లెక్కపెడతాడు? పట్టించుకోకు. పేరు తప్పు, వృత్తి తప్పు అని రాయి చాలు.

అన్నట్టు, ఇకనుంచి ఉత్తరాలు ఇంటికి కాకుండా డ్రైవింగ్ స్కూలుకి రాయి. ఇంట్లో నీ పేరున్న కవరూ నా పేరున్న కవరూ ఒకటే కాబట్టి ఎవరివి ఎవరు విప్పుతున్నారో తెలియడం లేదు.

ఉంటాను,
కొత్తది


లాండ్రీ నుంచి,
ఆవిరి మిషను ఆగిన మధ్యాహ్నం

వదినా,

కంపెనీవాడి జవాబు వచ్చింది. ముప్పై రోజుల్లో విచారించి చెప్పాలని రూలు. ఇరవై తొమ్మిదో రోజున చెప్పాడు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "మీరు తప్పు అన్న వివరాలను, ఆ వివరాలు ఇచ్చినవారినే అడిగి సరిచూశాం. వారు ఇచ్చిన వివరాలు వారు ఇచ్చినట్టే ఉన్నాయని తేలింది."

నాకు ఒళ్ళు మండింది. మనిద్దరి గుర్తింపు కార్డుల కాపీలూ, నీ పెళ్ళిలో మనిద్దరం పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫొటో కూడా పంపాను. దానికీ వెంటనే జవాబొచ్చింది. "ఫొటోలో కుడివైపు ఉన్నది మీరేనని గుర్తించాం. ఎడమవైపు ఉన్నది కూడా మీరేనని గుర్తించాం. ఫొటో స్పష్టంగా ఉన్నందుకు ధన్యవాదాలు." కార్డుల మీద పుట్టినతేదీలు వేరుగా ఉన్నాయి కదయ్యా అంటే, పుట్టినతేదీ మార్చుకోవాలంటే దరఖాస్తు వేరట.

ఇక్కడ వారానికి ఎన్ని తెల్లచొక్కాలు వస్తాయో నాకే తెలియదు. ఒక్కటి కూడా ఇంకొకరి ఇంటికి పోదు. కాలరు లోపల గుడ్డ చీటీ కుడతాం, ఉతికేముందు చూస్తాం, ఉతికాక చూస్తాం. మనకి కూడా మెడ దగ్గర చీటీలు కుట్టి పంపుదామా అనిపిస్తోంది.

జిమ్ వాడు నిన్న వచ్చి ఇస్త్రీ బల్లలకీ గోడకీ మధ్య టేపు పెట్టి కొలిచాడు. నేను వేడి ఇస్త్రీపెట్టె పట్టుకుని అక్కడే నిలబడ్డాను, కదల్లేదు. నన్ను కూడా కలిపి కొలిచాడు.

సరే గాని, రెండు సంగతులు. ఆ ఫ్రిజ్ కాగితాలు ఒకసారి తీసి చూడు, గొడవ అక్కడే మొదలైనట్టుంది. రెండోది, కవర్లు ఎవరు విప్పినా ఫరవాలేని ఇంట్లో, ఉత్తరాలు స్కూలుకి ఎందుకు రాయాలి?

పాతది


డ్రైవింగ్ స్కూలు నుంచి,
వాన మబ్బు పట్టిన పూట

మరదలా,

ఇవాళ నా క్లాసులు రెండు రద్దుచేసుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. మూడో క్లాసు పళ్ళ డాక్టరుది. ఆయన క్లచ్చి అనుకుని బ్రేకు తొక్కే మనిషి, రాకపోతేనే మంచిది.

ఫ్రిజ్ కాగితాలు తీశాను. తీయకపోయినా బాగుండేది. దరఖాస్తు నింపింది మీ అన్నయ్య. "భార్య పేరు" అన్నచోట మన పేరు రాసి, పక్కన బ్రాకెట్లో "కొత్తది" అని రాశాడు! ఎందుకలా రాశారండీ అంటే, "నువ్వా, చెల్లా అని వాళ్ళకి అనుమానం రాకుండా" అన్నాడు. కంపెనీవాడు దాన్ని ఎలా చదివి ఉంటాడో తెలిసిందిగా? ఇది అదే మనిషికి కొత్త వివరం, పాతదాని మీద అతికించెయ్ అని.

అంతటితో అయితే ఊరుకునేదాన్ని. దాని కింద నా పుట్టినతేదీ రాయాల్సిన చోట నీ పుట్టినతేదీ రాశాడు! పద్నాలుగేళ్ళు కాపురం చేశాను మహాతల్లీ. నిలదీస్తే, "నాకు గుర్తున్న ఆడవాళ్ళ పుట్టినరోజు అదొక్కటేనే" అని అమాయకంగా చూశాడు. ఆ అమాయకత్వం చూస్తే ఇంకా చిర్రెత్తుకొచ్చింది. మూడు రోజులుగా ఆయనతో మాట్లాడడం లేదు. ఆయన గమనించినట్టు లేడు.

ఈ కాగితం కాపీ తీసి కంపెనీకి పంపాను. "ఇది దరఖాస్తుదారుడి చేతిరాతే కాబట్టి ఇందులో మా పొరపాటు లేదు" అన్నారు. లేకపోతే లేదు, దిద్దరా బాబూ అంటే జవాబు లేదు.

కారు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. పళ్ళ డాక్టరు వచ్చేశాడు, గేటు శబ్దం వినిపించింది. గేటుకి తగిలిన శబ్దం.

కొత్తది


లాండ్రీ నుంచి,
పొద్దున్నే

వదినా,

నాకో ఆలోచన వచ్చింది. ఆ కంపెనీకి మీ ఊళ్ళోనూ ఆఫీసు ఉంది, మా ఊళ్ళోనూ ఉంది. వచ్చే బుధవారం సరిగ్గా పదకొండు గంటలకి నువ్వక్కడా నేనిక్కడా వెళ్ళి రిజిస్టరులో సంతకం పెడదాం. ఒకే మనిషి ఒకే వేళకి రెండు ఊళ్ళలో ఎలా ఉంటుంది? ఇంకేం చెప్తారో చూద్దాం. నెత్తిమీద పాలు పోసినట్టుంది నాకు.

ఈ పని అయ్యాక కారు సంగతి చెప్పు. నువ్వు తప్పించుకున్న ప్రతిసారీ నాకు అనుమానం పెరుగుతోంది. అడగ్గానే పళ్ళ డాక్టరు వచ్చాడనకు.

పాతది


డ్రైవింగ్ స్కూలు నుంచి,
గురువారం

మరదలా,

నీ ఆలోచన అద్భుతంగా పనిచేసింది. మన ఫైలు స్తంభింపజేశారు.

జవాబు నా దగ్గరికే వచ్చింది. "ఒకే రోజు ఒకే వేళకి మీరు రెండు శాఖల్లో హాజరైనట్టు గమనించాం. సంతకాలు కలవలేదు. మీ పేరు చెప్పుకుని మరెవరో తిరుగుతున్నారని అనుమానిస్తున్నాం. మీ క్షేమం కోసం, ఆ వ్యక్తి దొరికేవరకూ మీకు ఎవరూ లోన్ ఇవ్వకుండా ఆపుతున్నాం. అపరిచితులతో జాగ్రత్తగా ఉండండి." ఆ అపరిచితురాలివి నువ్వా, నేనా అన్నది మాత్రం రాయలేదు.

ఇక తప్పించుకోను. ఆ కారు నాది. ఈ స్కూలు కారే. పోయినేడాది నా మణికట్టు విరిగింది గుర్తుందా? పళ్ళ డాక్టరు వెనక్కి తీస్తుంటే నేను బయట నిలబడి రమ్మని చెయ్యి ఊపుతున్నాను. ఆయన ఎటు చూస్తున్నాడో గాని వచ్చేశాడు. కట్టు ఉన్న నాలుగు నెలలూ పాఠాల్లేవు, రాబడి లేదు. నాలుగు వాయిదాలు పోయాయి. తర్వాత అన్నీ కట్టేశాను, జరిమానాతో సహా. కానీ ఇంట్లో చెప్పలేదు. మీ అన్నయ్యకి చెబితే అత్తయ్యకి చెప్పినట్టే. "మా ఇంట్లో ఎవరూ వాయిదా తప్పి ఎరగరు" అని ఆవిడ కనీసం వారానికోసారైనా అంటుంది. నేను ఆ ఇంట్లో మనిషినా కాదా అని ఇప్పటికీ నాకు ఖాయంగా తెలియదు. తెలియకుండానే ఈ మచ్చ తెచ్చిపెట్టడం ఇష్టం లేకపోయింది.

ఇంకో నిజం కూడా చెప్పేస్తాను. ఇద్దరి చిట్టా కలిసిపోవడం నాకు లాభమే అయింది. నీ పదకొండేళ్ళ మంచిపేరు పక్కన నా ఎర్రగళ్ళు కాస్త పలచబడి కనిపిస్తున్నాయి. విడదీస్తే నాకు మిగిలేవి అవొక్కటే. అందుకే నిదానించాను. నీకు లాండ్రీ పోతుందని తెలిసి కూడా నిదానించాను.

తిట్టదలుచుకుంటే ఈ చిరునామాకే తిట్టు.

కొత్తది


లాండ్రీ నుంచి

వదినా,

తిట్టడానికి నాలుగు కాగితాలు పాడుచేశాను. ఒక్కటీ పంపబుద్ధి కాలేదు.

కట్టుతో నాలుగు నెలలు ఉన్నావు. నేను రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడటం లేదన్న సంగతి మీద పోట్లాడుకుని పెట్టేశాం. చెయ్యి ఎలా ఉందని అడిగానా అని నిన్నటినుంచి ఆలోచిస్తున్నాను. గుర్తు రావడం లేదు.

అన్నయ్యకి నేను చెప్పను. అమ్మకి అంతకన్నా చెప్పను. కానీ లాండ్రీ వదులుకోను, ఫైలు విడిపోవాల్సిందే.

నేను ఫిర్యాదుల అధికారికి రాశాను. కంపెనీలు మాట వినకపోతే రాసుకోవడానికి పైన ఒకాయన ఉంటాడని భూతద్దంలో కనిపించింది. ఆయన కంపెనీకి గట్టిగానే రాసినట్టున్నాడు. ఇప్పుడు కంపెనీవాళ్ళు దిగొచ్చారు. కాగితాలు ఒకదానితో ఒకటి కలవనప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళని ఫోన్లో అడిగి, వాళ్ళ మాట రాసుకుంటారట. అమ్మని అడుగుతారు. ఒక్కటే ప్రశ్న, ఒక్కటే జవాబు. నేను అమ్మకి ముందే చెప్పాను: "మీ కూతురూ కోడలూ వేరువేరా అని అడుగుతారమ్మా, అవును అను, అంతే." "అంతేనా? దానికి ఇంత హడావుడా?" అంది.

ఫోన్ వచ్చే వేళకి నువ్వు పక్కన ఉండు. వానలకి ఇంక రెండు వారాలే ఉంది.

పాతది


డ్రైవింగ్ స్కూలు నుంచి,
కారులో కూర్చుని

మరదలా,

నీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఫోన్ స్పీకరులో పెట్టాను. అవతల కుర్రగొంతు, చాలా మర్యాదస్తుడు. "అమ్మా, మీ కూతురుగారూ మీ కోడలుగారూ వేరువేరా?" అని అడిగాడు.

అత్తయ్య నిటారుగా కూర్చుంది. ముఖం ఎర్రబడింది. "ఏమిటి నాయనా ఆ ప్రశ్న? వేరేమిటి వేరు? నాకు కూతురైతేనేం కోడలైతేనేం. ఇద్దరూ ఒకటే!"

నేను చేతులు ఊపాను, తల అడ్డంగా ఆడించాను. మీ అన్నయ్య నుదురు కొట్టుకున్నాడు. ఆవిడ మా వంక చూడనైనా చూడలేదు.

"ఖాయంగా చెప్తున్నారా అమ్మా? ఇద్దరూ ఒకటేనా?"

"ముమ్మాటికీ ఒకటే. మా ఇంట్లో అలాంటి తేడాలు లేవు. రాసుకో."

"రాసుకున్నానమ్మా" అన్నాడు. పెట్టేశాడు.

అయిపోయింది. ఇంటి పెద్ద వాంగ్మూలం: ఇద్దరూ ఒకటే.

నువ్వు తల పట్టుకుని ఉంటావు. నేనూ పట్టుకున్నాను. కానీ నీతో అబద్ధం చెప్పలేను, ఆ మాట విన్నాక వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి కాసేపు నిలబడ్డాను. పద్నాలుగేళ్ళలో ఆవిడ ఆ మాట నాతో అనలేదు. నా ముందు ఎవరితోనూ అనలేదు. అన్నది చివరికి కంపెనీవాడితో, మన కొంప మునిగే వేళకి. అయినా అంది కదా. సంతోషించడానికి సిగ్గేస్తోంది, సంతోషంగానే ఉంది.

ఆవిడ చేత మళ్ళీ ఫోన్ చేయించి మాట మార్పించమంటావు, తెలుసు. ప్రయత్నిస్తాను.

కొత్తది


లాండ్రీ నుంచి,
తలుపులు వేసుకుని

వదినా,

అమ్మతో గంటసేపు మాట్లాడాను. "అమ్మా, వాళ్ళు మనుషుల్ని లెక్కపెడుతున్నారే, ప్రేమల్ని కాదు" అన్నాను. "నాకు తెలుసు వాళ్ళేం అడిగారో. ఇవాళ వేరని ఒప్పుకుంటే రేపు ఇంకేం ఒప్పుకోమంటారో. అన్నమాట వెనక్కి తీసుకునే మనిషిని కాను" అంది. లాండ్రీ పోతుందమ్మా అన్నాను. ఏడ్చాను కూడా. అటువైపు అమ్మ కూడా ఏడ్చింది. కానీ కదల్లేదు. "ఆ పిల్ల పక్కనే నిలబడి వింది. ఇప్పుడు కాదంటే దాని ముఖం ఎలా చూడను?" అంది.

కాబట్టి ఆవిడ మాట మార్చనిది నీకోసమే. ఇది నీకు రాయకుండా ఉండాల్సిందేమో. రాసేశాను.

నా దగ్గర ఇంక ఆలోచనల్లేవు. యజమాని ఇవాళ నా దగ్గరికొచ్చి, "నీకోసం శనివారం దాకా ఆగుతానమ్మా" అన్నాడు. ఆయన కుర్చీలోంచి లేవడానికే గోడ పట్టుకోవాల్సి వస్తోంది, ఆయన్ని ఏమని ఆగమంటాను? ఆవిరి మిషనుకి కొత్త గొట్టం వేయించాల్సింది. వేయించలేదు. జిమ్ వాడికి ఆవిరి గొట్టం దేనికి?

నీ మీద కోపం లేదు. నిజంగానే లేదు.

పాతది


డ్రైవింగ్ స్కూలు నుంచి,
గురువారం, పాఠాలయ్యాక

మరదలా,

పని అయిపోయింది. ఎలా అయిందో చెప్తాను, మధ్యలో నవ్వకు.

నిన్న అందరం భోజనానికి కూర్చున్నాం. అత్తయ్య యథాప్రకారం, "కరెంటు బిల్లు కట్టేశాను. మా ఇంట్లో ఎవరూ..." అని మొదలుపెట్టింది. "నేను తప్పాను అత్తయ్యా" అన్నాను. "నాలుగు వాయిదాలు. కారుకి. ఏడాదిగా దాచాను. ఆ మచ్చే మీ కూతురి రిపోర్టులో పడి ఆ పిల్ల లాండ్రీ పోతోంది."

మీ అన్నయ్య చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. అత్తయ్య నన్ను చూసింది. నేను అక్కడితో ఆపలేదు. ఆపితే ఆవిడ నన్ను వెనకేసుకొస్తుందని భయం వేసింది. "నాలుగేగా, ఏమవుతుందిలే అనుకున్నాను" అన్నాను. అది మాత్రం అబద్ధం. ఆ నాలుగు నెలలూ నేను సరిగ్గా నిద్రపోలేదు. కానీ ఆవిడకి ఒళ్ళు మండాలంటే ఆ మాటే కావాలి.

మండింది. ఎంగిలిచేత్తోనే లేచి ఫోన్ తీసుకుంది. కంపెనీ నంబరు తనే నొక్కింది. అదే కుర్రగొంతు.

"నాయనా, మొన్న నేను చెప్పింది తప్పు. కొట్టెయ్. నా కూతురు వేరు, నా కోడలు వేరు. నా కూతురు బుద్ధెరిగాక ఒక్క వాయిదా తప్పలేదు. ఆ కారు నా కోడలిది, ఆ తప్పు నా కోడలిది. ఇద్దరికీ పోలికే లేదు!"

"అంటే వేరువేరు మనుషులేనా అమ్మా?"

"భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా! రాసుకో!"

"రాసుకున్నానమ్మా. రెండు ఫైళ్ళు చేస్తున్నాం" అన్నాడు. ఎంత తేలికో చూశావా.

అదీ జరిగింది. మనం గెలిచాం. నేను బయటికొచ్చి స్కూలు కారెక్కి, నేర్చుకునేవాళ్ళు కూర్చునే సీట్లో కూర్చుని ఏడ్చాను. ఆ ఒక్కమాట కోసం అన్నేళ్ళు ఎదురుచూసి, పట్టుమని పది రోజులు కూడా ఉంచుకోలేదు. నేనే ఇచ్చేశాను. నాకు బాధగా ఉంది, దాచను. కానీ మళ్ళీ చేయాల్సొస్తే మళ్ళీ చేస్తాను. మీ అన్నయ్య వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. సీటు బెల్టు పెట్టుకున్నాడు, తీశాడు. చివరికి, "నీ పుట్టినరోజు ఎప్పుడో చెప్పు, రాసుకుంటాను" అన్నాడు. చెప్పాను.

అత్తయ్య ఇవాళంతా నాతో మాట్లాడలేదు.

బ్యాంకుకి త్వరగా వెళ్ళు. ఫైలు మళ్ళీ కలిపేసినా కలిపేస్తారు.

కొత్తది


నా లాండ్రీ నుంచి,
బయట వాన

వదినా,

పైన ఏం రాశానో చూశావా? కావాలంటే మళ్ళీ చదువుకో.

కొత్త రిపోర్టు నీ ఉత్తరం కన్నా ముందే వచ్చింది. నాకు భర్త లేడు, అత్తగారు లేరు, కారు లేదు. ఇంత ఖాళీ చిట్టా చూసి ఇంత సంతోషించిన మనిషి ఇంకొకరు ఉండరు. దాన్ని చేతిలో పట్టుకుని శుక్రవారం బ్యాంకు తలుపు తీయకముందే నిలబడ్డాను. పాత దరఖాస్తు వాళ్ళ దగ్గరే ఉంది కాబట్టి సాయంత్రానికే లోన్ ఇచ్చారు. శనివారం యజమాని నా చేతికి తాళాలిచ్చి, ఆవిరి మిషను మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్ళిపోయాడు. జిమ్ వాడు తన టేపు ఇక్కడే మర్చిపోయాడు. పరదాలు కొలవడానికి పనికొస్తోంది.

నీ సంగతి చెప్తాను, విను. నిన్న అమ్మ వచ్చింది, లాండ్రీ చూడటానికి. అన్నీ తిరిగి చూసింది, బల్లలు తట్టి చూసింది. మొన్న పాత గొట్టం ఆవిరి కొట్టి నా ముంజేయి కాలింది, పెద్దగా ఏం లేదు. అమ్మ కంగారు పడుతుందని పొడుగుచేతుల జాకెట్టు వేసుకుని కట్టు కప్పేశాను. అమ్మ కళ్ళు ఎలాంటివో తెలుసు కదా. బల్ల అవతల నుంచి వచ్చి చెయ్యి లాగి పైకి మడిచింది. పనివాళ్ళందరి ముందూ మొదలుపెట్టింది.

"అదేమో చెయ్యి విరిగితే వాయిదాలు దాచింది. నువ్వేమో చెయ్యి కాల్చుకుని కట్టు దాస్తున్నావు. నోరు తెరిచి కష్టం చెప్పుకోవడం మాత్రం ఇద్దరికీ చేతకాదు. నేనేం, పరాయిదాన్నా మీకు? అది రోజూ నా ముందే తిరుగుతూ, కట్టు కట్టుకుని, రాత్రిళ్ళు నిద్రపోకుండా అటూ ఇటూ తిరుగుతుంటే, చెయ్యి నొప్పి అనుకున్నాను గాని ఇదని నాకేం తెలుసు? మీ ఇద్దరికీ తేడా ఏముందే? ఇద్దరూ ఒకటే!"

అని, అక్కడే స్టూలు మీద కూర్చుని ఏడ్చింది.

నువ్వు నిద్రపోలేదని ఆవిడకి తెలుసు వదినా. "ఏమవుతుందిలే" అన్న నీ మాట నమ్మి ఫోన్ చేసింది గాని, తర్వాత నమ్మలేదు. నీతో మాట్లాడకుండా ఉన్నది నీమీద కోపంతో కాదు, తనమీద కోపంతో. మొన్న కంపెనీవాడితో అన్నప్పుడు, పైపైకి అన్న మాటేమోనని నాకు కాస్త అనుమానం ఉండేది. ఈసారి తిడుతూ అంది కాబట్టి నమ్ముతున్నాను. నువ్వు కూడా నమ్ము. కంపెనీకి మాత్రం ఈ కబురు తెలియనివ్వకు.

ఇంకో మాట. ఇంటికి వెళ్ళగానే వంటింట్లో గోడ క్యాలెండరు చూడు. నీ కారు వాయిదా తేదీ చుట్టూ పెన్సిలుతో గుండ్రం చుట్టానని అమ్మ చెప్పింది. కరెంటు బిల్లు గుండ్రం పక్కనే ఉంటుందట. నీ పుట్టినరోజుకి కూడా చుట్టిందట, ఆ తేదీ అన్నయ్యని అడిగి తెలుసుకుంది.

చెయ్యి తగ్గాక అక్కడికి వస్తాను. నాకు డ్రైవింగ్ నేర్పు. క్లచ్చి ఏదో బ్రేకు ఏదో ఇప్పుడే చెప్పి ఉంచు, పళ్ళ డాక్టరులాగా పరువు తీసుకోలేను.

ఈ ఉత్తరం స్కూలుకి కాకుండా ఇంటికే రాస్తున్నాను. కవరు మీద మన పేరే రాశాను, బ్రాకెట్లో ఏమీ పెట్టలేదు. ఎవరు విప్పినా ఫరవాలేదు.

ఇట్లు,
పాతది